జాతి సమస్యకు ఆవల నల్లజాతి స్వరాలు: నేల, నీరు, శాంతి

(స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఈ ప్రసంగానికి ఎంచుకున్న అంశం విని కొందరు మిత్రులు ఆశ్చర్యపడ్డారు. నల్లజాతి ప్రజలు పర్యావరణం గురించి, యుద్ధం గురించి, పంటల గురించి ఏమి మాట్లాడారన్నది మన బౌద్ధ పునరుజ్జీవనానికి ఎట్లా సంబంధించిన విషయమని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నేను చరిత్ర బోధించేవాణ్ణి కనుక ఒక తేదీతో సమాధానం మొదలుపెడతాను.

1967 ఏప్రిల్ 4న న్యూయార్క్ నగరంలోని రివర్‌సైడ్ చర్చిలో మార్టిన్ లూథర్ కింగ్ వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ ప్రసంగించారు. అప్పటికి ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చి రెండున్నరేళ్లు కావస్తున్నది. బస్సులలో, పాఠశాలలలో, ఓటు కేంద్రాలలో వివక్ష గురించి ఆయన మాట్లాడినంతకాలం ఆయనను మెచ్చుకున్న ప్రసిద్ధ దినపత్రికలు ఈ ప్రసంగం తరువాత ఆయనపై విరుచుకుపడ్డాయి. పౌరహక్కుల సమస్యను యుద్ధంతో ముడిపెట్టడం పొరపాటని, దానివల్ల రెండింటికీ నష్టమని సంపాదకీయాలు రాశాయి. నల్లజాతి ప్రజల హక్కుల కోసం దశాబ్దాలుగా పనిచేస్తున్న అతి పెద్ద సంస్థ సైతం ఆయన వైఖరితో విభేదించింది. ఆ విమర్శలన్నింటి సారాంశం ఒక్కటే. మీ జాతి సంగతి మీరు మాట్లాడండి, దేశ విదేశాంగ విధానం మీకెందుకు?

ఈ ఘట్టంలో మనకు ప్రత్యేకంగా సంబంధించిన అంశం ఒకటున్నది. కింగ్‌ను ఆ వైపు నడిపించిన వారిలో ఒక బౌద్ధ భిక్షువు ఉన్నారు. వియత్నాంకు చెందిన థిక్ నాట్ హాన్ 1965లో కింగ్‌కు లేఖ రాశారు. మరుసటి ఏడాది ఇద్దరూ చికాగోలో కలుసుకున్నారు. 1967 జనవరిలో కింగ్ ఆ భిక్షువు పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు. ఆ ఏడాది శాంతి బహుమతిని ఎవరికీ ఇవ్వలేదు. అయినా ఒక క్రైస్తవ నల్లజాతి బోధకుడు, ఒక ఆసియా బౌద్ధ భిక్షువు కలిసి యుద్ధాన్ని గురించి ఆలోచించడం చిన్న విషయం కాదు. ఒకరి దుఃఖానికి మరొకరి దుఃఖం కారణాల గొలుసులో ఎట్లా ముడిపడి ఉంటుందో వారిరువురూ గ్రహించారు. దానినే మనం పటిచ్చ సముప్పాదమని అంటాము.

రివర్‌సైడ్ ప్రసంగానికి సరిగ్గా ఏడాది తరువాత, 1968 ఏప్రిల్ 4న, మెంఫిస్ నగరంలో కింగ్ హత్యకు గురయ్యారు. అక్కడికి ఆయన వెళ్లింది ఆ నగర పారిశుధ్య కార్మికుల సమ్మెకు మద్దతుగా. ఆ ఏడాది ఫిబ్రవరిలో చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు నల్లజాతి కార్మికులు చనిపోయారు. ఆ తరువాత సుమారు 1,300 మంది కార్మికులు పని మానివేశారు. నగరం పారవేసే చెత్తను ఎవరు ఎత్తుతున్నారు, అది ఎక్కడికి చేరుతున్నది అన్న ప్రశ్న ఆయన చివరి రోజులలో ఆయన ముందున్నది. సుమారు దశాబ్దం తరువాత అదే ప్రశ్న మరో రూపంలో నల్లజాతి వాడలలో లేచింది. ఆ సంగతికి తరువాత వస్తాను.

మిత్రులారా, మన గ్రామాలలో నివాసాలకు ఒక హద్దు ఉన్నట్లే మాటకు కూడా ఒక హద్దు ఉంటుంది. మాటకూ ఒక వెలివాడ ఉంటుంది. ఆ వాడలో నిలబడి తన గాయాన్ని గురించి చెప్పుకుంటే సమాజం జాలిగా వింటుంది, కొన్నిసార్లు చప్పట్లు కూడా కొడుతుంది. ఆ వాడ దాటి నది గురించి, నేల గురించి, ద్రవ్య విధానం గురించి, యుద్ధం గురించి అభిప్రాయం చెబితే మాత్రం నీకెందుకని అడుగుతుంది. నల్లజాతి ప్రజలు ఈ హద్దును అనేక సందర్భాలలో దాటారు. దాటిన ప్రతిసారి మూల్యం చెల్లించారు. వారిలో కొందరిని గురించి మీకు చెప్పడమే ఈ ప్రసంగ ఉద్దేశం.

మొదట విలియం ఎడ్వర్డ్ బర్గార్డ్ డుబాయ్‌ని స్మరించుకుందాం. మన ఉద్యమంతో ఆయనకు ప్రత్యక్ష సంబంధమున్నది. 1946లో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఆయనకు ఒక లేఖ రాశారు. అమెరికాలోని నల్లజాతి ప్రజల పక్షాన ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞాపన ప్రతులను పంపమని కోరారు. అంటరానివారి స్థితికి, నల్లజాతి ప్రజల స్థితికి గల సామ్యాన్ని ఆ లేఖలో ప్రస్తావించారు. డుబాయ్ సానుభూతితో బదులు రాశారు. అంతకు ముందు, 1873లోనే మహాత్మా ఫూలే తన ‘గులాంగిరి’ గ్రంథాన్ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చిన సంగతి మీకు తెలుసు. ఆ బంధం కొత్తది కాదు.

అట్టి డుబాయ్ 1950లో, ఎనభై రెండేళ్ల వయసులో, అణ్వాయుధాల నిషేధాన్ని కోరుతూ సంతకాలు సేకరించే శాంతి సమాచార కేంద్రానికి నాయకత్వం వహించారు. విదేశీ శక్తుల ఏజెంటుగా నమోదు చేసుకోలేదన్న ఆరోపణతో 1951లో ప్రభుత్వం ఆయనపై కేసు పెట్టింది. బేడీలు వేసి కోర్టుకు తీసుకువచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో న్యాయమూర్తి కేసు కొట్టివేశారు. అయినప్పటికీ 1958 వరకు ఆయనకు విదేశాలకు వెళ్లే పాస్‌పోర్టు దక్కలేదు. జాతి వివక్షపై అర్ధశతాబ్దంపాటు నిర్భయంగా రాసిన మనిషిని ఈ విధంగా బోనెక్కించింది అణుబాంబును గురించి మాట్లాడిన మాట.

నేల గురించి మాట్లాడిన నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్. మిస్సోరీ రాష్ట్రంలో బానిస తల్లికి జన్మించిన ఆయన వృక్షశాస్త్రం చదివి 1896లో అలబామాలోని టస్కీగీ విద్యాలయంలో చేరారు. దక్షిణాది రాష్ట్రాలలో ఏళ్ల తరబడి పత్తి ఒక్కటే వేసి వేసి నేలలు నిస్సారమై ఉన్నాయి. ఆ నేలలను సాగు చేస్తున్నది ఎక్కువగా అప్పులలో కూరుకుపోయిన నల్లజాతి కౌలు రైతులు. పత్తి తరువాత వేరుశనగ, అలసంద వేస్తే నేలకు నత్రజని చేరుతుందని, చిలగడదుంప ఇంటికి తిండి అవుతుందని ఆయన చిన్న చిన్న కరపత్రాలలో సరళంగా వివరించారు. 1906 నుంచి బండిపై పనిముట్లు, విత్తనాలు వేసుకొని పల్లెలకే పాఠశాల తీసుకువెళ్లే ఏర్పాటు చేశారు. రాయలసీమ మెట్ట రైతుకు వేరుశనగ ఏమిటో తెలిసిన మనకు ఆ కృషి విలువ వేరే చెప్పనవసరం లేదు.

1921లో వేరుశనగ దిగుమతి సుంకంపై సాక్ష్యమివ్వడానికి ఆయన అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఎదుట హాజరయ్యారు. పది నిమిషాలు మాత్రమే ఇచ్చారు. మొదట్లో ఒక సభ్యుడు ఆయన జాతిని ఎత్తిపొడుస్తూ పరిహాసమాడాడు. కార్వర్ దానికి చలించక వేరుశనగ నుంచి తయారు చేసిన పదార్థాలను ఒక్కొక్కటిగా బల్లపై పెట్టి వివరిస్తూ పోయారు. ఇచ్చిన సమయాన్ని పదే పదే పొడిగించి, చివరకు ఆయనకు కావలసినంత సమయం తీసుకోమన్నారు. జ్ఞానం ఎదురుగా నిలిచినప్పుడు అహంకారం తగ్గిన అరుదైన సందర్భాలలో ఇది ఒకటి. అయితే ఆ గది బయట అదే దేశంలో, అదే కాలంలో, ఆయన తెల్లవారితో కలిసి భోజనం చేయడానికి వీలులేని హోటళ్లు ఎన్నో ఉన్నాయన్న సంగతి మరవకూడదు.

ఇక చెత్త ఎక్కడికి చేరుతున్నదన్న ప్రశ్నకు వస్తాను. 1970ల చివరలో టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో ఒక నల్లజాతి మధ్యతరగతి కాలనీ పక్కన చెత్త డంపింగ్ కేంద్రం పెట్టడానికి ప్రయత్నం జరిగింది. నివాసుల తరఫున న్యాయవాది లిండా మెకీవర్ బుల్లార్డ్ వ్యాజ్యం వేశారు. ఆమె భర్త రాబర్ట్ బుల్లార్డ్ సామాజిక శాస్త్ర అధ్యాపకుడు. ఆయన తన విద్యార్థులతో కలిసి నగరంలోని చెత్త కేంద్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్క తీశారు. నగర పాలక సంస్థకు చెందిన డంపింగ్ కేంద్రాలు ఐదుంటే ఐదూ నల్లజాతి వాడలలోనే ఉన్నాయి. చెత్తను కాల్చే కేంద్రాలు ఎనిమిదింటిలో ఆరు అక్కడే. నగర జనాభాలో నల్లజాతివారు నాలుగోవంతు మాత్రమే. కోర్టులో ఆ వ్యాజ్యం నెగ్గలేదు. కాని ఆ లెక్క నుంచి ఒక కొత్త శాస్త్ర శాఖ పుట్టింది. 1990లో బుల్లార్డ్ వెలువరించిన ‘డంపింగ్ ఇన్ డిక్సీ’ నేటికీ ఆ రంగంలో మూల గ్రంథం.

నార్త్ కరోలైనా రాష్ట్రంలో ఇంకొక కథ నడిచింది. 1978 వేసవిలో ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే విష రసాయనం కలిసిన నూనెను కొందరు రాత్రివేళ రోడ్ల అంచుల వెంట దొంగతనంగా పారబోశారు. సుమారు 31,000 గాలన్ల నూనె, పద్నాలుగు కౌంటీలలో 200 మైళ్లకు పైగా. ఆ కలుషిత మట్టిని తవ్వి ఎక్కడో ఒకచోట పూడ్చాలి. అందుకు ప్రభుత్వం ఎంచుకున్నది వారెన్ కౌంటీలోని ఆఫ్టన్ అనే పల్లె. అక్కడ నీరు భూమికి చాలా పైనే తగులుతుంది. జనం తాగేది బావుల నీరు. శాస్త్రం ప్రకారం చూస్తే ఆ స్థలం తగినది కాదు. అక్కడివారు అత్యధికులు పేద నల్లజాతి ప్రజలన్నది మరొక వాస్తవం.

1982 సెప్టెంబర్‌లో లారీలు బయలుదేరాయి. చర్చి నుంచి జనం పాదయాత్రగా వచ్చి రోడ్డుపై పడుకున్నారు. వృద్ధులు, తల్లులు, పిల్లలు ఉన్నారు. ఆరు వారాలలో ఐదువందలకు పైగా అరెస్టులు జరిగాయి. అయినా లారీలు ఆగలేదు. మట్టి పూడ్చారు. ఆ పోరాటం ఆ రోజు ఓడిపోయింది. కాని దాని ఫలితంగా 1983లో అమెరికా కాంగ్రెస్ తరఫున ఒక పరిశీలన జరిగింది. 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వారి జాతి న్యాయ సంఘం దేశవ్యాప్త అధ్యయనాన్ని వెలువరించింది. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం ఎక్కడ ఉంటుందో నిర్ణయించే అంశాలలో ఆదాయం కన్నా జాతియే బలమైనదని అది తేల్చింది. ఆఫ్టన్‌లో పూడ్చిన మట్టిని శుద్ధి చేసే పని 2003 చివరికి గాని పూర్తి కాలేదు. ఇరవై ఏళ్ల క్రితం రోడ్డుపై పడుకున్నవారు చెప్పిన మాట నిజమని ప్రభుత్వం కోటీ ఎనభై లక్షల డాలర్ల ఖర్చుతో ఒప్పుకున్నట్లయింది.

చికాగో నగరానికి దక్షిణాన ఆల్ట్‌గెల్డ్ గార్డెన్స్ అనే ప్రభుత్వ గృహ సముదాయం ఉన్నది. చుట్టూ ఉక్కు కర్మాగారాలు, చెత్త గుట్టలు, మురుగునీటి కేంద్రం. అక్కడ నివసించిన హేజెల్ జాన్సన్ భర్త 1969లో ఊపిరితిత్తుల కేన్సర్‌తో మరణించాడు. ఆమెకు ఏడుగురు పిల్లలు. ఆమె శాస్త్రవేత్త కాదు. ఇంటింటికీ వెళ్లి ఎవరికి ఏ జబ్బు ఉన్నదో కాగితంపై రాసుకున్నది. చర్మవ్యాధులు, ఉబ్బసం, కేన్సర్లు. ఆ ఇళ్ల వరుసలను కాలుష్య స్థలాలతో పోల్చి చూసి తమ వాడకు విషపు వలయమని పేరు పెట్టింది. ఆ కాలంలో పర్యావరణమంటే అడవులు, పర్వతాలు, వన్యప్రాణులు అనే భావన బలంగా ఉండేది. మనుషులు నివసించే వాడ, తాగే నీరు, పీల్చే గాలి కూడా పర్యావరణమేనని ఆమె వంటివారు ఆ శాస్త్రానికి నేర్పారు.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయాన్ని గమనించమని కోరుతున్నాను. వీరందరూ జాతి వివక్ష గురించే మాట్లాడారు కదా, మరి జాతికి ఆవల అనడం ఎట్లా అని మీకు సందేహం రావచ్చు. 1991 అక్టోబర్‌లో వాషింగ్టన్ నగరంలో నల్లజాతి, ఆదివాసి, లాటిన్, ఆసియా మూలాలున్న వందలాది ప్రతినిధులు సమావేశమై పర్యావరణ న్యాయానికి పదిహేడు సూత్రాలను ప్రకటించారు. తమ వాడల నుంచి చెత్త కుప్పను తీసివేయండి అన్న కోరికతో ఆ పత్రం మొదలు కాదు. భూమాత పవిత్రత, సమస్త జీవుల పరస్పరాధారం మొదటి సూత్రం. అణు పరీక్షలను, సైనిక ఆక్రమణలను వ్యతిరేకించే సూత్రాలు అందులో ఉన్నాయి. రాబోయే తరాల విద్య గురించి, మన వినియోగం తగ్గించుకోవడం గురించి సూత్రాలున్నాయి. ఆ చెత్తను మా వాడ నుంచి తీసి పక్క వాడలో వేయండని వారు అడగలేదు. అసలు ఎవరి వాడలోనూ వేయకూడని విషాన్ని ఎందుకు తయారు చేస్తున్నారని అడిగారు. తమ అనుభవం నుంచి బయలుదేరి అందరి మేలు దగ్గరకు చేరారు.

1994 ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్ పర్యావరణ న్యాయంపై ఒక కార్యనిర్వాహక ఉత్తర్వు జారీ చేశారు. వారెన్ కౌంటీ రోడ్డు నుంచి అక్కడికి చేరడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ ఉత్తర్వును 2025 జనవరిలో కొత్త ప్రభుత్వం ఒక్క సంతకంతో రద్దు చేసింది. సాధించినది శాశ్వతమని నమ్మి నిద్రపోరాదని చెప్పడానికి అనిత్యతా సిద్ధాంతం తెలిసిన మనకు ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కరలేదు.

ఆఫ్రికా ఖండం వైపు చూద్దాం. కెన్యాకు చెందిన వంగారి మాతాయి జీవశాస్త్రవేత్త. తూర్పు, మధ్య ఆఫ్రికా ప్రాంతంలో డాక్టరేట్ పొందిన మొదటి మహిళ. వంటచెరకు కోసం, నీటి కోసం గ్రామీణ స్త్రీలు నడిచే దూరం ఏటేటా పెరుగుతున్నదని గమనించి 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమాన్ని ప్రారంభించారు. స్త్రీలే నారుమళ్లు పెంచి మొక్కలు నాటారు. అవి మూడు కోట్లకు పైగా చేరాయి. 1989లో నైరోబీ నగరం నడిబొడ్డున ఉహురు పార్కులో అరవై అంతస్తుల భవనం కట్టాలని అధికార పక్షం తలపెట్టినప్పుడు ఆమె ఎదురు నిలిచారు. పార్లమెంటులో ఆమెను హేళన చేశారు. అక్కడ ఆమెను అడ్డుకున్నవారు తెల్లవారు కారు. సొంత జాతి పాలకులే. ఆడదానికి ఈ విషయాలెందుకని అడిగినవారే. చివరకు ఆ భవన నిర్మాణం విరమించుకున్నారు. 2004లో నోబెల్ శాంతి బహుమతి పొందిన మొదటి ఆఫ్రికా మహిళ ఆమె. హద్దులు గీసేవారు అన్ని రంగులలోనూ ఉంటారన్న పాఠాన్ని ఆమె జీవితం నుంచి మనం తీసుకోవాలి.

2020 సంవత్సరంలో జరిగిన రెండు ఘటనలను కూడా ప్రస్తావిస్తాను. ఆ జనవరిలో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో వాతావరణ ఉద్యమానికి చెందిన ఐదుగురు యువతులు కలిసి ఫొటో దిగారు. అందులో ఉగాండాకు చెందిన వెనెస్సా నకాటె ఒక్కరే నల్లజాతి యువతి. ఒక అంతర్జాతీయ వార్తా సంస్థ ఆ ఫొటోను ప్రచురించేటప్పుడు అంచు కత్తిరించి ఆమెను తొలగించింది. మిగిలిన నలుగురూ ఉన్నారు. విమర్శలు రావడంతో సంస్థ తప్పు ఒప్పుకున్నది. వాతావరణ మార్పు వల్ల తీవ్రంగా నష్టపోతున్న ఖండం నుంచి వచ్చిన గొంతు ఆ చిత్రంలో లేకుండా పోయింది. ఆమె అడిగింది తన బొమ్మ గురించి మాత్రమే కాదు. ఆఫ్రికా కరువుల గురించి మాట్లాడే చోట ఆఫ్రికా మనిషి ఉండవద్దా అని అడిగింది.

అదే ఏడాది మే 25న న్యూయార్క్ సెంట్రల్ పార్కులో పక్షులను చూస్తున్న క్రిస్టియన్ కూపర్ అనే నల్లజాతి వ్యక్తి ఒక మహిళను కుక్కకు గొలుసు కట్టమని కోరాడు. ఆమె పోలీసులకు ఫోను చేసి ఒక నల్లజాతి పురుషుడు తనను బెదిరిస్తున్నాడని చెప్పింది. అదే రోజు మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్‌ను ఒక పోలీసు అధికారి మెడపై మోకాలు నొక్కి చంపాడు. వారం తిరగకముందే నల్లజాతి యువ శాస్త్రవేత్తలు, పక్షి ప్రేమికులు కలిసి సామాజిక మాధ్యమాలలో నల్లజాతి పక్షి వీక్షకుల వారోత్సవం జరిపారు. తమకు ఇష్టమైన పిట్టల గురించి, వాటి పాటల గురించి, వలస దారుల గురించి చెప్పారు. ఆ దుఃఖ సమయంలో పిట్టల ముచ్చటేమిటని అనిపించవచ్చు. నాకు మాత్రం అది గొప్ప ధిక్కారంగా కనిపించింది. మమ్మల్ని మా చావు వార్తలలో మాత్రమే చూడకండి, మేము బతికి ఏమి చూస్తున్నామో కూడా వినండని వారు చెప్పారు. కూపర్ తరువాత పక్షుల గురించి పుస్తకం రాశారు, టెలివిజన్ కార్యక్రమం నిర్వహించారు.

మిత్రులారా, ఇప్పుడు మన ఇంటి సంగతి. నేను చెరువుల నీటిపారుదల చరిత్రపై కొంత పని చేశాను. ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న ఉపన్యాసానికి నన్ను పలుచోట్లకు పిలుస్తారు. వెళ్తాను, వెళ్లడం నా ధర్మం. కాని చెరువుల గురించి సదస్సు జరిగినప్పుడు ఆ పిలుపులు రావు. ఒకసారి అట్టి సదస్సులో ప్రేక్షకులలో కూర్చొని ప్రశ్న అడిగితే, మీరు రిజర్వేషన్ల గురించి మాట్లాడతారనుకున్నామని ఒక పెద్దమనిషి నవ్వుతూ అన్నారు. ఆయనకు దురుద్దేశం లేదు. అందుకే ఆ మాట ఇప్పటికీ గుర్తున్నది.

బాబాసాహెబ్‌కు సైతం మనమే ఆ హద్దు గీస్తున్నామేమో ఆలోచించండి. 1923లో రూపాయి సమస్యపై ఆర్థికశాస్త్ర గ్రంథం వెలువరించిన వ్యక్తి ఆయన. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యునిగా నీటిపారుదల, విద్యుత్ విషయాలు చూశారు. దామోదర్ లోయ పథకం రూపకల్పనలో, నదీజలాల కేంద్ర సంఘం స్థాపనలో ఆయన పాత్ర ఉన్నది. 1927 మార్చి 20న మహద్ చవదార్ చెరువులో ఆయన నీరు ముట్టినప్పుడు అది కులం గురించిన పోరాటమా, నీటి గురించిన పోరాటమా అని విడదీయగలమా? 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను బలిగొన్న దాడికి ముందు జరిగినదేమిటి? తాము తాగే చెరువు నీటిని పాడుచేయవద్దని ఒక మాదిగ మహిళ ప్రశ్నించడం. ఆమె మాట ఆత్మగౌరవం మాటే. అదే సమయంలో నీటిని కాపాడిన మాట కూడా. మనం దానిని ఆ రెండో అర్థంలో ఎన్నడైనా స్మరించుకున్నామా?

బుద్ధ భగవానుని ధమ్మం ఈ హద్దులను అంగీకరించదు. పాతిమొక్ఖ నియమాలలో భిక్షువు నేలను తవ్వరాదని, చెట్టు చేమలను నాశనం చేయరాదని, ప్రాణులున్న నీటిని పారబోయరాదని ఉన్నది. పచ్చని మొక్కపైన, నీటిలో మలమూత్రాలు విడువరాదని కూడా ఉన్నది. అశోక చక్రవర్తి తన రెండవ శిలాశాసనంలో మనుషులకు, పశువులకు వైద్యం గురించి, మూలికలు నాటించడం గురించి, బావులు తవ్వించడం గురించి, దారుల పక్కన చెట్లు పెంచడం గురించి చెక్కించాడు. ఆ శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపైన కూడా ఉన్నది. విముక్తి, వైద్యం, నీరు, చెట్టు ఆ పాలకుని దృష్టిలో వేరువేరు శాఖలు కావు.

ఇక్కడ రెండు అభ్యంతరాలను దాటవేయకుండా చెప్పాలి. మొదటిది మన పెద్దల భయం. అన్ని విషయాలు మాట్లాడితే అసలు విషయం పలుచబడుతుందని. ఈ భయం వృథా కాదు. కింగ్‌ను విమర్శించిన నల్లజాతి నాయకులలో నిజాయితీపరులు ఉన్నారు. యుద్ధంపై మాట్లాడితే ప్రభుత్వ సహకారం పోతుందని, చట్టాలు ఆగిపోతాయని వారు భయపడ్డారు. కాని వియత్నాంకు పంపుతున్న ధనం తన దేశంలోని పేదల పథకాల నుంచే పోతున్నదని కింగ్ గుర్తించారు. కారణాన్ని వదలి ఫలితాన్ని మాత్రమే పట్టుకుంటే దుఃఖం తొలగదు. ఇది రెండవ ఆర్యసత్యం మనకు చెప్పేదే.

రెండవది, గొంతు వినడమంటే ఏమిటన్న ప్రశ్న. వేదికపై ఒక నల్లజాతి మనిషికి, ఒక దళిత మనిషికి కుర్చీ వేయడంతో పని ముగియదు. వారు చెప్పినదానికి తల ఊపి ఊరుకోవడం కూడా ఒకవిధమైన నిరాకరణే. కాలాములకు భగవానుడు చేసిన బోధ ప్రకారం ఏ మాటనైనా, అది ఎవరిదైనా, పరీక్షించి చూడాలి. హేజెల్ జాన్సన్ లెక్కలను పరీక్షించారు, బుల్లార్డ్ పటాలను పరీక్షించారు, అవి నిలిచాయి. సమానులుగా వినడమంటే ప్రశ్నించడం, బదులివ్వడం, అవసరమైతే విభేదించడం. మనం చెరువు గురించి చెప్పింది తప్పయితే తప్పని చెప్పే గౌరవాన్ని మనం కోరాలి. మన గాయాన్ని చూసి మన లెక్కను ఒప్పుకోమని కోరరాదు.

అందుకే ఈ సంఘం ముందు మూడు విన్నపాలు ఉంచుతున్నాను. మన విహారాలలో జరిగే వర్షావాస ప్రసంగాలలో కనీసం ఒకదానిని ఆ ఊరి నీటికి, నేలకు, చెత్తకు కేటాయించండి. అక్కడ మాట్లాడవలసినవారు ఆ చెరువు కింద కూలి చేసిన ఆడవారు, మురుగు కాల్వలు శుభ్రం చేసినవారు. రెండవది, హేజెల్ జాన్సన్ చేసినట్లు, మన వాడలలో ఏ బోరు నీరు తాగుతున్నారు, ఎవరికి ఏ జబ్బు ఉన్నది, డంపింగ్ యార్డు ఎంత దూరం అన్నది మన యువకులు, యువతులు నోటుపుస్తకాలలో రాసుకోవాలి. లెక్క లేని మొర త్వరగా మరుగున పడుతుంది. మూడవది, మన పిల్లలు భూగర్భజలశాస్త్రం, వాతావరణశాస్త్రం, వృక్షశాస్త్రం చదువుతామంటే, సమాజ సేవకు పనికివచ్చే చదువు చదవమని వారిని ఆపకండి. అది సమాజ సేవే.

చవదార్ చెరువు నీరు తాగిన తరువాత మనం చెరువు గురించి మాట్లాడడం ఆపకూడదు. వారెన్ కౌంటీ రోడ్డుపై పడుకున్న తల్లులు తమ పిల్లల కోసమే పడుకున్నారు. వారు అడ్డుకున్న విషం మాత్రం జాతి చూసి భూమిలో ఇంకేది కాదు. ఈ ఎరుకతో మన ఊరి గురించి, లోకం గురించి మాట్లాడే అర్హత మనకు ఉన్నదని, ఆ బాధ్యత కూడా ఉన్నదని మనవి చేస్తున్నాను.

నమో బుద్ధాయ. జై భీమ్.